పసుపు వైరు

“కొండకు పోయొచ్చినట్టుండావే!” గిరిప్రసాద్ నున్నటి గుండు చూసి, తలుపు తీస్తూనే అంది వరలక్ష్మమ్మ. “ఈడ టీవీ పెట్టె దిగి పది దినాలాయె. నువ్వేమో మొక్కులు తీర్చుకుంటా తిరగతాండావు!”

తిరుపతిలో గుండుకు సంజాయిషీ ఎవరిస్తారు? గిరిప్రసాద్ డ్రిల్లింగ్ మిషను కింద పెట్టి గోడ వైపు చూశాడు.

రేపు ఆ ఇంట్లో వరలక్ష్మమ్మ కూతురు స్రవంతి నిశ్చితార్థం. మగపెళ్లివాళ్లు వచ్చేసరికి హాల్లో గోడమీద ఫ్లాట్ టీవీ వెలగాలని తల్లి పంతం. ఇవాళ అది గోడకెక్కకపోతే రేపట్నుంచి షాపుకు రావద్దని గిరిప్రసాద్‌కు ఓనరు చెప్పేశాడు. ఎవరి పంతం ఎవరిదైనా దెబ్బ తినేది గోడలో దిగే మేకే.

నాలుగు బెజ్జాలు పడ్డాయి. టీవీ గోడకెక్కింది. వెనక డీవీడీ ప్లేయర్ వైర్లు తగిలించాడు. ఎరుపు, తెలుపు, పసుపు. రిమోట్‌లో బ్యాటరీలు వేశాడు.

“ఏదన్నా పెట్టి సూపీ అబ్బా,” అంది వరలక్ష్మమ్మ.

అతని సంచిలో ఒకటే సీడీ, చెల్లెలి పెళ్లిది. ఏ ఇంట్లో టీవీ బిగించినా దాంతోనే సరిచూస్తాడు. అలవాటుగా చెయ్యి దాన్నే తీసి ప్లేయర్‌లో పెట్టింది.

తెర నల్లగానే ఉంది. మాట మాత్రం వచ్చింది.

“ముందు మా పిల్లోడికి అన్నం పెట్టండబ్బా. పొద్దుట్నించి పన్లోనే ఉండాడు, ఏం తిన్లా.”

గిరిప్రసాద్ రిమోట్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“బొమ్మ యాడన్నా?” అని స్రవంతి అడిగితే గానీ కదల్లేదు. బొమ్మ తెచ్చే పసుపు వైరు పక్క బెజ్జంలో ఉంది. పదేళ్ల పనిలో ఎన్నడూ చేయని తప్పు. సరిచేశాడు. తెరమీద ఎర్రచీర కట్టుకున్న ఒకామె గరిటె పట్టుకుని కెమెరాను అదిలిస్తోంది.

“ఎవురబ్బా ఆమె?” అంది వరలక్ష్మమ్మ.

“మా యమ్మ.”

“గుండు ఆమె కోసమేనా?”

తలూపాడు.

“ఒంట్లో బాగలేకుండెనా? ఇప్పుడు మేలా?”

“ఇప్పుడు నొప్పి లేదక్కా.”

వరలక్ష్మమ్మ మనసు కరిగింది. “తల్లి కోసం జుట్టిచ్చే కొడుకులు ఈ కాలంలో యాడుండారు!” అంటూ కుంకుమ భరిణె తెచ్చింది. “కొండ నుంచి వచ్చినోడివి. టీవీకి నువ్వే బొట్టు పెట్టు. నా బిడ్డకు మంచి జరగతాది.”

“నా చేతులు బాగలేవక్కా,” అన్నాడు గిరిప్రసాద్.

“దుమ్మే గదా, తుడుచుకో.”

తుడుచుకున్నాడు. పెట్టాడు. సీడీ తీసి సంచిలో వేసుకున్నాడు. ఆమె ఇచ్చిన కాఫీ తాగాడు. వేడో చల్లనో తెలియలేదు.

గేటు దాటుతుండగా ఓనరు ఫోను చేశాడు. టీవీ ఎక్కించేశానని చెప్పాడు గిరిప్రసాద్.

“సరే గానీ, మీ యమ్మ పదోదినం నిన్ననే అయిందని ఆ ఇంట్లో చెప్పలేదు గదా?”