పోటు మొదలైంది

మా ఏరు పొట్టిది. వాగు వచ్చి చేరినచోట మొదలై, ఊరు దాటగానే సముద్రంలో కలిసిపోతుంది. ఊరంతా తాగేది ఆ వాగు నీళ్ళే. పోటు వచ్చినప్పుడు ఉప్పునీళ్ళు ఎదురెక్కి వాగులో చొరబడకుండా ఇనుప తలుపు దించడం నాన్న ఉద్యోగం.

ఆ రోజు భోజనానికి ఇంటికి వెళ్తూ మొదటిసారి తలుపు నాకు అప్పగించాడు.

"మన వంశంలో కాలేజీ మొహం చూసింది నువ్వొక్కదానివే. చక్రం తిప్పలేవా?"

నాకు కాలు నిలవలేదు. గట్టు మీద అటూ ఇటూ తిరిగాను. నీళ్ళు చూడటం, ఫోను చూడటం, మళ్ళీ నీళ్ళు.

ఫోను మోగింది, ఇంటినుంచి నాన్న. మా వాకిట్లోంచి సముద్రం కనిపిస్తుంది.

"పోటు మొదలైందమ్మా. తొందరగా..."

"తెలిసింది నాన్నా! నువ్వు కదలకు, నేను చూసుకుంటా" అని పెట్టేశాను.

చక్రం తిప్పాను. అరచేతులు బొబ్బలెక్కాయి. తలుపు అడుగు తాకింది. ఒక్క చుక్క ఉప్పునీరు కూడా లోపలికి రానివ్వలేదని పొంగిపోయాను.

అప్పుడు ఏటివైపు చూశాను. నీళ్ళు ఎక్కడం లేదు. ఒడ్డున బురద బయటపడుతోంది. ఓ ఎండుటాకు తాపీగా సముద్రంవైపు పోతోంది.

నవ్వొచ్చింది. ఇన్నేళ్ళ అనుభవం ఇంతేనా అని ఏడిపిద్దామని ఫోను చేశాను.

"ఏం సారూ, ఎక్కడండీ మీ పోటు?"

నాన్న ఆయాసంగా ఊపిరి పీల్చాడు.

"ఎడమ పక్కనమ్మా... చేతిలోకి దిగుతోంది."