బయటి సంబంధం

"దగ్గరి చుట్టరికంలో చేసుకున్నారా?" డాక్టరు అడిగాడు.

"లేదు సార్. బయటి సంబంధమే," అంది నాగవేణి.

ఆమె ఒళ్లో నాలుగేళ్ల చెంచులక్ష్మి దగ్గుతోంది. ఒళ్లంతా ఎర్రటి పొక్కులు, వేళ్లనిండా పులిపిర్లు. మళ్లీ న్యుమోనియా.

నంద్యాల ఆసుపత్రిలో ఆ గది ఎంత చిన్నదంటే, లోపల మాట తలుపు దగ్గర వరుసలో నిలబడ్డవాళ్లందరికీ వినబడుతుంది.

నాగవేణి పక్కన ఆమె తల్లి మద్దమ్మ తలొంచుకుని నిలబడింది. కూతుర్ని తన సొంత తమ్ముడికే ఇచ్చి చేసింది ఆమే. మనవరాలికి జబ్బు చేసినప్పటినుంచీ సరిగ్గా అన్నం తినడం లేదు. ఆ ప్రశ్నకు నిజం చెబితే తల్లి ఏమైపోతుందోనని నాగవేణికి భయం.

అందుకే ఏ ఆసుపత్రికి పోయినా అదే జవాబు.

"అయితే ఎలర్జీలాగే ఉంది. మందు మార్చి చూద్దాం."

డాక్టరు రాస్తుండగా నాగవేణి భర్త మహేశ్వర్ టీ గ్లాసుతో లోపలికొచ్చాడు. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కుతాడు. జుట్టులో రాతిపొడి ఇంకా వదల్లేదు.

"తాగక్కా. పొద్దున్నుంచి ఏం తినలా నువ్వు," అని గ్లాసు మద్దమ్మకు ఇచ్చాడు.

తలుపు దగ్గర వరుసలోంచి నల్ల బురఖా వేసుకున్న ఒకామె గబుక్కున లోపలికొచ్చింది.

"సార్, వీళ్లు అబద్ధం చెప్తాండారు."

అందరూ తిరిగి చూశారు.

"అత్తను అక్కా అంటాండాడు, వినలేదా మీరు? ఈయప్ప పెండ్లానికే మేనమామ."

"నీకేంది మధ్యలో?" నాగవేణి లేచింది. "యాడిదానివి నువ్వు?"

"యాడిదాన్నైతే ఏంది? బిడ్డ కావాల్నా, పరువు కావాల్నా?"

మద్దమ్మ చేతిలోంచి గ్లాసు జారిపోయింది. గోడకానుకుని అలాగే కిందికి కూలబడింది.

తల్లిని అలా చూశాక నాగవేణికి నోరు ఆగలేదు.

"ల్యాబులోళ్ల కమీషన్‌కు తిరుగుతాండావా? వచ్చినప్పుడల్లా చూస్తాండా, ఆ బయటి బెంచీ మీదనే ఉంటావ్. పోయి నీ బిడ్డల్ని చూసుకోపో!"

డాక్టరు ఏదో అనబోయాడు. బురఖా ఆమె వద్దన్నట్టు తల ఊపి బయటికి నడిచింది.

మహేశ్వర్ వెనకే పోయి గేటు దగ్గర గార్డుకు చెప్పాడు. "ఈమెను మళ్లా లోపలికి రానీకన్నా. బ్రోకరు."

గదిలో డాక్టరు తను రాసిన చీటీ చింపేశాడు.

"ఇప్పుడు చెప్పండి. నేనేం తిట్టను."

చెప్పింది మద్దమ్మే, నేలమీద కూర్చునే.

"నేనే చేసినా సార్. బిడ్డ నా కళ్లముందర ఉంటాదని."

పిల్ల రక్తం బెంగుళూరుకు పోయింది. ఫలితం వచ్చాక డాక్టరు వాళ్లను కూర్చోబెట్టాడు.

"ఒంట్లో రోగంతో పోరాడే తెల్లకణాలు ఉన్నాయి. వాటి లోపల ఉండాల్సిన ఒక ప్రోటీన్ లేదు. కణం పైపొరను చాచి, ముడిచి, దానికి ఆకారమిచ్చి నడిపించేది అదే. అది లేక, చర్మంలో సన్నటి సందుల్లో దూరేటప్పుడు కణాలు సాగి సాగి చిట్లిపోతున్నాయి."

మహేశ్వర్ తన అరచేతులు చూసుకున్నాడు. "మేము బయటినుంచి చెక్కుతాం సార్. ఇది లోపల కూచోని చెక్కేదా?"

"అట్లే అనుకో. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం వస్తేనే ఈ జబ్బు. మీ చుట్టరికం తెలియకపోతే ఈ పరీక్ష నాకు తట్టేది కాదు."

"బతుకుతాదా సార్?"

"ఎముకల్లో మూలుగ మారిస్తే బతుకుతుంది. ఆలస్యం కాలేదు."

నాగవేణి పెద్దకూతురి మూలుగ చెల్లెలికి సరిపోయింది.

మరుసటేడు ఎండాకాలానికి చెంచులక్ష్మి వేళ్ల మీద పులిపిర్లు రాలిపోయాయి. "దుమ్ములోకి పోవద్దే, నీయమ్మ నన్ను చంపుతాది!" అని మద్దమ్మ వెంటపడుతుంటే, అందకుండా ఉరుకుతోంది. రాత్రి మద్దమ్మ రెండోసారి సంగటి పెట్టించుకుంది. నాగవేణి చూసీ చూడనట్టు వడ్డించింది.

ఆ తర్వాత నాగవేణి ఒక్కతే నంద్యాల బస్సెక్కింది.

బెంచీ మీద వేరే ఎవరో ఉన్నారు. బురఖా ఆమె గురించి గేటు దగ్గర అడిగింది.

"ఆమా?" గార్డు అన్నాడు. "మీరే కదమ్మా రానీకద్దంటిరి. ఆపొద్దు పోయిందే, మళ్లా రాలేదు."

నాగవేణి డాక్టరు గదిలోకి పోయింది.

"తప్పు చేసినా సార్. ఎవరు సార్ ఆమె? యాడుంటాది?"

"మాబూబీ. కోయిలకుంట్లలో ఉండేది. ఇల్లు ఖాళీ చేసిందట, ఫోను పలకడం లేదు."

"కమీషన్ కోసం కాదు కదా సార్?"

డాక్టరు కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"మీరెప్పుడైనా అడిగితే చెప్పమని అప్పట్లో ఫోన్లో అంది. ఆమెకు ఒక్కడే కొడుకు. ఇవే పొక్కులు, ఇదే దగ్గు. నేను ఎలర్జీకే మందు రాస్తూ పోయాను."

నాగవేణి కుర్చీ అంచు పట్టుకుంది.

"పెనిమిటి ఆమెకు చిన్నాయన కొడుకే. ఆ మాట నాకు చెప్పింది, పిల్లాణ్ని మట్టిలో పెట్టి వచ్చాక."