అందరం క్షేమం

"మీ అత్తకు జొరం ఎప్పటినుంచి?"

"శానా దినాలాయ సామీ. బిన్నా రాయి. బస్సు పోతాది."

గురునాథం కార్డు ఒళ్లో పెట్టుకున్నాడే గాని కలం కదపలేదు. పులివెందుల తపాలాఫీసు అరుగు మీద ఉత్తరాలు రాసిపెట్టేవాళ్లు ఇద్దరే. వాళ్లలో ఈ ముసలాయనకు చాదస్తమని పేరు.

"అన్నం తింటాందా?"

"గంజి తాగుతాంది. కొడుకును చూడల్ల అంటాంది. మా ఆయప్పను రమ్మని రాయి, అంతే."

"పిల్లోళ్లు బాగుండారా? నువ్వు?"

"మాకేమాయ, బాగుండాం. ఇయన్నీ నీకెందుకు?"

"కార్డు మొదట్లో 'అందరం క్షేమం' అని పెట్టేది అలవాటు తల్లీ. అది ఎవురికి పెట్టల్నో, ఎవురికి పెట్టకూడదో అడగల్ల గదా."

తిరుపాలమ్మకు ఒళ్లు మండింది. చక్రాయపేట బస్సు హారన్ మీద హారన్ కొడుతోంది. ఇంట్లో ముసలామె దగ్గర పిల్లలు తప్ప ఎవరూ లేరు. చివాలున లేచి పక్కనున్న వేదవ్యాస దగ్గరికి పోయింది.

వేదవ్యాస వయసువాడు, చురుకైనవాడు. కార్డుల మీద మొదటి వాక్యం ముందే రాసి కట్ట కట్టి పెట్టుకుంటాడు. 'ఇక్కడ మేమందరం క్షేమం.' దాని కింద ఆమె చెప్పింది గబగబా రాసేశాడు.

తిరుపాలమ్మకు బస్సు దొరికింది.

ఆనకట్ట పని దగ్గర కూలీలందరి కార్డులూ చదివేది ఒక మేస్త్రీ. మొదటి వాక్యం చదివి, అన్నీ ఇంతే కదా అని తిరుపాలమ్మ భర్త ఈశ్వరయ్య చేతిలో పెట్టాడు. పాపం, ఈశ్వరయ్య దాన్ని సంతోషంగా తలపాగాలో దోపుకున్నాడు.

వానలకు పని ఆగి అతను ఇల్లు చేరేసరికి తల్లి లేదు.

"అందరం బాగుండామని రాయిస్తివి గదే" అన్నాడు భార్యతో.

ముసలాయన ఎందుకు అన్ని ప్రశ్నలు వేశాడో తిరుపాలమ్మకు అప్పుడు అర్థమైంది. మరునాడే పులివెందులకు వచ్చింది. అరుగు మీద వేదవ్యాస ఒక్కడే ఉన్నాడు.

"ఆ పెద్దాయప్ప యాడ?"

"పోయినాడమ్మా, పోయిన నెల."

ఆమె జరిగింది చెప్పింది. వేదవ్యాస తల ఎత్తలేకపోయాడు.

"కార్డులు ముందే రాసిపెట్టుకునేది నాకు నేర్పిచ్చింది ఆయనే. మళ్లా ఆయనే మానుకోమన్యాడు. నేనే యినలేదు."

"ఎందుకు మానుకోమన్యాడు?"

వేదవ్యాస ముందున్న కార్డుల కట్టను పక్కకు తోశాడు.

"ఆయన భార్యకు ప్రాణం మీదికొచ్చినప్పుడు, బళ్లారిలో ఉండే కొడుకును రమ్మని, కంగారులో ఆ కట్టలో కార్డు తీసే రాసినాడమ్మా. ఆ కొడుకూ మొదటి మాట చదివి, కింద చూడకనే నిమ్మళంగా ఉండిపాయ."