తాబేలు వెనక తలుపు

"ఆ తలుపు అంటించకమ్మా."

తిహానా చేతిలో జిగురు కుంచె ఆగిపోయింది.

శనివారాలు అగ్నిమాపక దళం హాలు కింద గదిలో బండ్లకీ విమానాలకీ చిన్న నమూనాలు చేసే బొమ్మల క్లబ్బు వాళ్లు తప్ప ఎవరూ ఉండరు. ఇవాళ గుమ్మంలో ఓ ముసలాయన నిలబడి ఉన్నాడు. చేతిలో తడిసిన టోపీ. ఎవరూ ఎరగని మొహం.

"ప్రదర్శన వచ్చే వారమండీ," అంది తిహానా.

"తెలుసు. గోడ మీద కాగితం చూశాను. ఒక్కసారి చూసి పోతాను."

బల్ల మీద ఉన్నది తాబేలు అనే లారీ బొమ్మ. అసలు తాబేలు, యుద్ధంలో ఊరివాళ్లు కలప లారీకి ఇనుప రేకులు వెల్డింగ్ చేసి తయారుచేసుకున్న బండి. దాని బొమ్మకి విడిభాగాల కిట్టు ఎక్కడా దొరకదు. అందుకే తిహానా ఇంకేదో లారీ కిట్టు కొని, సగం కోసి పారేసి, మిగతాదంతా ప్లాస్టిక్ షీటుతో, తీగ ముక్కలతో తనే కట్టింది. నెలల పిల్లగా ఉన్నప్పుడు తల్లి ఒళ్లో ఆ లారీలోనే వంతెన దాటింది ఆమె. అందుకే దీన్ని మాత్రం ఒక్క తప్పు లేకుండా చెయ్యాలని పంతం.

ఆనాడు లారీ నడిపిన ష్టెఫ్ బాబాయి పక్కనే ఉన్నాడు. సూది కాల్చి, బొమ్మ పక్క రేకుల మీద తూటా గుంటలు పెడుతున్నాడు.

"కాఫీ తాగుతారా?" అన్నాడు ద్రాజెన్. అతను విమానాల బొమ్మలు చేస్తాడు.

ముసలాయన తాగుతానన్నాడు. కానీ కాఫీని, యుద్ధంలో తమ మీదకి వచ్చిన నది అవతలి వాళ్లు అనే మాటతో అన్నాడు.

పోస్తున్న ద్రాజెన్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"ఏ ఊరు మీది?"

"దూరం."

"దూరం అనే ఊరు మా మ్యాపులో లేదే!"

ముసలాయన వంగి, కళ్లు బల్ల ఎత్తుకి తెచ్చుకుని, ఒక కన్ను మూసి తాబేలు వంక చూశాడు.

"ఆ గుంటలూ ఉండకూడదు. దీనికి ఒక్క తూటా తగల్లేదు."

ష్టెఫ్ సూది బల్ల మీద పడేశాడు.

"ఏంటీ? నడిపింది నేనయ్యా! ముందు రేకు చీలికలోంచి దారి తప్ప ఏమీ కనపడలేదు కానీ, టంగు టంగుమని రేకులకి తగులుతుంటే ఈ చెవులతో విన్నాను!"

"రాళ్లయ్యుంటాయి. దారంతా పగిలిపోయి ఉంది కదా."

"తలుపు సంగతేంటి?" తిహానా అడిగింది.

"వంతెన మీద అది తెరిచే ఉందమ్మా. ఓ పక్కకి వేలాడుతూ."

"నేను వెల్డింగ్ చేసిన తలుపా?" ష్టెఫ్ లేచి నిలబడ్డాడు. "నా చేత్తో మూశాను! నువ్వెక్కడ నుంచి చూశావు?"

ముసలాయన బొమ్మ మీంచి కళ్లు తిప్పుకున్నాడు.

"ఇంకెక్కడ నుంచి బాబాయ్? అవతలి కొండ మీద నుంచి అయ్యుంటుంది," అని ద్రాజెన్ నవ్వాడు.

ఆ నవ్వులో ఎవరూ కలవలేదు.

ముసలాయన టోపీని వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డాడు.

"ఒక్కటి అడిగి పోతాను. తలుపు దగ్గర ఒకావిడ కూర్చుని ఉండేది. ఒళ్లో చంటిపిల్ల, పసుపుపచ్చ దుప్పట్లో. వాళ్లు క్షేమంగా చేరారా?"

తిహానా నోరు తెరిచింది. ష్టెఫ్ చెయ్యి ఆమె భుజం మీద గట్టిగా పడింది.

"ఎందుకు? నీ లెక్కలో ఎవరైనా మిగిలిపోయారా?"

"అయ్యో, అది కాదు..."

"ముందు పేరు చెప్పు," అన్నాడు ద్రాజెన్.

"పేరుతో పనేముంది బాబూ?"

"ఉంది. పేరు లేని వాళ్లకి మా పిల్లల సంగతులు చెప్పం."

ముసలాయన చివరికి తిహానా వైపు చూశాడు. "నువ్వైనా చెప్పమ్మా, పుణ్యముంటుంది. ఒక్క మాట."

ఆమె కళ్లు దించుకుని జిగురు కుంచె వంక చూసింది.

ష్టెఫ్ గుమ్మం చూపించాడు. "తలుపు అటుంది. ఇదీ నేను బిగించిందే. బాగానే మూసుకుంటుంది, చూసుకో."

ముసలాయన వెళ్లిపోయాడు. కాఫీ అలాగే ఉండిపోయింది.

"అంటించెయ్యమ్మా," అన్నాడు ష్టెఫ్. "ఎవడో వచ్చి మన లారీ గురించి మనకి చెబుతాడా!"

తిహానా అంటించలేదు. ఫోను తీసుకుని మెట్ల మీదకి వెళ్లింది.

"అమ్మా, వంతెన మీద లారీ తలుపు మూసే ఉందా?"

"ఇప్పుడెందుకే ఆ గొడవ?"

"చెప్పమ్మా."

తల్లి గొంతు తగ్గించింది.

"వంతెన ఎక్కగానే గొళ్లెం విరిగింది. మీ బాబాయికి మాత్రం ఎవరమూ చెప్పలేదు. ఆ తలుపు ఊరందరికీ చూపించి మురిసిపోయేవాడు పాపం. నువ్వూ అనకు."

"నువ్వెక్కడున్నావు?"

"అంచునే. ఆఖర్న ఎక్కినదాన్ని కదా. కొండ మీద వాళ్ల ట్యాంకు. వంతెన ఈ చివర నుంచి ఆ చివరి దాకా దాని ఫిరంగి గొట్టం మాతో పాటే తిరుగుతూ వచ్చింది. ఇప్పుడు కాలుస్తాడు, ఇప్పుడు కాలుస్తాడు అనుకుంటూ నీ మొహం మీద దుప్పటి కప్పేశాను."

"కాల్చలేదా?"

"కాలిస్తే నువ్వు ఫోను చేసేదానివా? గురి తప్పే దూరం కూడా కాదే అది. ఎందుకు ఊరుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి."

తిహానా వానలోకి పరుగెత్తింది.

బస్టాపు దగ్గర పత్రికల కొట్టావిడ షట్టరు దించుతోంది.

"టోపీ ముసలాయనా? ఇప్పుడే ఎక్కాడు. కళ్లు తుడుచుకుంటుంటే ఏమైందని అడిగాను కూడా. చెప్పలేదు."

వంతెన మీద బస్సు వెనక దీపాలు చిన్నవైపోతున్నాయి.

ఆ రోజు గొట్టం వెనక కూర్చుని మీట నొక్కని మనిషి, తను బతకనిచ్చిన చంటిపిల్లనే బతిమాలి, జవాబు లేకుండానే నది దాటి వెళ్లిపోయాడు.