జోగారావు ట్రంకుల కొట్టు

“ఆంటీ, ఫోన్‌లో మీ కొట్టు శాశ్వతంగా మూసేసినట్టు చూపిస్తోంది,” అంది జెనిఫర్.

రెజిమెంటల్ బజార్ సందులో, దించి ఉన్న షట్టరు ముందు మెట్టు మీద కూర్చుంది కామాక్షి. పైన బోర్డు మీద ‘జోగారావు ట్రంకు పెట్టెలు’ అని ఉంది.

“మొన్న జ్వరమొచ్చి ఆయన నాలుగు రోజులు తియ్యలేదు. ఎవడో మహానుభావుడు మూతపడిందని పెట్టేశాడు. అప్పట్నుంచి మనిషి రాకడ లేదు. ఇక నిజంగానే మూసేస్తానని కూర్చున్నారు.”

చిన్న కొట్ల వివరాలు ఆన్‌లైన్ డైరెక్టరీల్లో సరిచేసి, వెతికినవాళ్ళకు కనపడేలా చెయ్యడం జెనిఫర్ పని. ఈ కొట్టుకి ఒక్కో డైరెక్టరీలో ఒక్కో నంబరుంది.

“ఇదెవరిది ఆంటీ?”

“పాత ల్యాండ్‌లైన్. తీసెయ్. ఆ రెండోది ఆయన స్కూటరు మెకానిక్‌ది.”

“ఫొటోలు?”

“పొద్దున తియ్యి. అప్పుడే ఎండ లోపలి వరస దాకా పోతుంది. ఆకుపచ్చవి ముందుండాలి, మిలిటరీవాళ్ళకి అవే కావాలి. మూత అంచు మాత్రం దగ్గర్నుంచి తియ్యి. ఆయన మడిచినట్టు సికింద్రాబాద్‌లో ఇంకెవరూ మడవలేరు.”

సొంత నంబరే తప్పు చెప్పే యజమానుల్ని చూసింది జెనిఫర్. ఒక మనిషి పనిని ఇంకో మనిషి ఇంతగా చూస్తూ బతకవచ్చా?

“వెతికితే ఇదే సందులో ఇంకో ట్రంకుల కొట్టు మనకంటే ముందొస్తోంది ఆంటీ. ఎట్లాంటోళ్ళు వాళ్ళు?”

“ఆవిడా? వట్టి గయ్యాళి. దాటించెయ్.”

ఇక మిగిలింది వీడియో. సందు, బోర్డు చూపించి, షట్టరు తాళం తియ్యాలి. కొట్టు నడుస్తోందనడానికి డైరెక్టరీవాళ్ళకు అదే రుజువు.

“తాళం ఆయన దగ్గరుంది,” అని కామాక్షి ఫోన్ చేసింది.

జోగారావు విసుక్కుంటూ వచ్చాడు.

“నీకెందుకు ఈ పరేషానీ? నా కొట్టు, నా ఇష్టం. మూసుకుంటా.”

“మూస్తే ఊరుకుంటానా? ముందు తాళం తియ్యండి.”

ఆయన గొణుగుతూనే తీశాడు. వీడియో అయ్యాక లోపలికి వెళ్ళిపోయాడు.

“ఎందుకాంటీ ఇంత తాపత్రయం?” మెల్లగా అడిగింది జెనిఫర్.

కామాక్షి పైకెత్తిన షట్టరు వంక చూసింది.

“ఇది లేవకపోతే, పొద్దున్నే నేను ఎందుకు లేవాలో నాకు తెలీదమ్మా.”

చర్చిలో పాట ఆగిన వెంటనే ఉండే నిశ్శబ్దం ఆ మాట చుట్టూ ఉంది.

వారం తిరిగేసరికి జోగారావు కొట్టు అన్నిటికంటే ముందొచ్చింది. శనివారం జెనిఫర్ చూడ్డానికి వెళ్ళింది. యాప్రాల్ నుంచి ఒక కుటుంబం ఫోన్ చూసుకుంటూ వచ్చి ఉంది. జోగారావు ట్రంకు మూత ఎత్తి చూపిస్తున్నాడు. ఆ ముఖంలో వెలుగు కామాక్షికి చూపించాలనుకుంది జెనిఫర్. కొట్టంతా వెతికింది. ఆమె లేదు.

బేరం తెగక ఆ కుటుంబం మెట్టు దిగుతుంటే, ఎదురు వరసలో ఉన్న ఆ ఇంకో ట్రంకుల కొట్టు గల్లా దగ్గర్నుంచి కామాక్షి గొంతు ఖంగుమంది.

“ఇటు రండమ్మా, మా కొట్లో ఇంకా చవక!”