నిలబడి వింటానన్న మనిషి

"టికెట్టు దొరకలేదు. వెనకాల ఓ మూల నిలబడి వింటాను, పంపించండి," అన్నాడు మఫ్లర్ పెద్దాయన.

తలుపు దగ్గర టికెట్లు చూస్తున్న గాయని పిన్ని కళ్లజోడు పైనుంచి చూసింది. "నిలబడి వెళ్లడానికి ఇదేమన్నా బస్సాండీ? కుర్చీలన్నీ నిండిపోయాయి."

గిటారు భుజాన వేసుకుని గాయని అప్పుడే అటుగా వచ్చింది.

ఆరువందల కుర్చీల హాలు! పాట తనే రాసి, తనే బాణీ కట్టి, పడగ్గదిలో చుట్టూ దుప్పట్లు వేలాడదీసి తనే రికార్డు చేసుకునే మనిషికి అది మాటలు కాదు. పోయినేడాది ఇరవైమంది వస్తే మహాభాగ్యం. అందులోనూ సగంమంది మధ్యలో లేచిపోయేవారు.

ఈసారి కూడా జనం లేచిపోతే గిటారు మూలన పెట్టి ట్యూషన్లు చెప్పుకుంటానని అమ్మకు మాట ఇచ్చింది.

"మా అమ్మ కూడా టికెట్టు కొనుక్కునే వచ్చింది పెద్దయ్యా. ఊరికే ఎవర్నీ పంపను, అది నా పద్ధతి," అంది.

"మంచి పద్ధతేనమ్మా," అన్నాడే గాని కదల్లేదు. "ఆ 'మూడో అంతస్తు' పాట ఒక్కటీ విని వెళ్లిపోతాను."

"ఇంట్లో వినండి."

"విన్నానమ్మా. రోజుకు నలభైసార్లు."

గాయనికి నవ్వొచ్చింది. కోతలకైనా ఓ హద్దుండాలి. రాసిన తనే అన్నిసార్లు వినలేదు.

"పోయిన కచేరీలో చివరి చరణం పరిగెత్తించావట. రికార్డులో ఉన్నట్టే నెమ్మదిగా పాడు. అందరికీ అలాగే అలవాటు."

ఆమెకు ఒళ్లు మండింది. "నా పాట నాకే నేర్పుతున్నారా? పిన్నీ, తలుపెయ్యి!"

పెద్దాయన మఫ్లర్ సర్దుకుని మెట్లు దిగిపోయాడు.

మొదటి పాటకు మర్యాదగా చప్పట్లు పడ్డాయి. నాలుగో పాటకు కాస్త గట్టిగా పడ్డాయి. ఎవరూ లేవలేదు.

చివర్లో 'మూడో అంతస్తు' మొదలుపెట్టింది. లిఫ్టు లేని మేడ పైకి బీరువా మోసే అన్నదమ్ముల పాట అది.

ఆమె నోరు తెరిచేలోపే హాలు అందుకుంది. ఆరువందలమంది పల్లవి నుంచీ ఒక్క మాట పొల్లుపోకుండా పాడారు. చివరి చరణంలో వాళ్లే నెమ్మదించారు. వాళ్లతో పాటు తనూ నెమ్మదించింది. జీవితంలో అంత సంతోషం ఆమె ఎరగదు.

"నా వెనక ఏ కంపెనీ లేదు, ఎవరి సిఫారసూ లేదు," అంది మైకులో. "ఇక్కడిదాకా నా అంతట నేనే వచ్చాను!"

హాలు దద్దరిల్లింది.

"ట్యూషన్ల మాట ఇక ఎత్తకు," అంది అమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

ఈసారి గాయని బయట బల్ల మీద కొత్తగా ఓ పుస్తకం పెట్టించింది. 'నా పాట మొదట ఎక్కడ విన్నారు?' అని పైన రాసి ఉంటుంది.

తెరిచి చూసింది.

'నీళ్ల ఆఫీసు ఫోన్లో.'

'కుళాయి రావట్లేదని ఫోన్ చేస్తే.'

'పైపు పగిలినప్పుడు.'

పేజీ తిప్పినా అదే వరస.

"పిన్నీ, వీళ్లంతా నన్ను ఆటపట్టిస్తున్నారా?"

"లేదండీ, నిజమే," అంది సంతకం కోసం నిలబడ్డ ఓ అమ్మాయి. "నేను పనిచేసేది నీళ్ల ఆఫీసులోనే. ఫిర్యాదు చేసేవాళ్లని లైన్లో ఆపుతాం కదా, అప్పుడు వినిపించే కుయ్ కుయ్ మోత తీసేసి మా ఆపరేటరు మీ పాట పెట్టాడు. ఏడాది కావస్తోంది. జనం నీళ్ల సంగతి పక్కనపెట్టి పాట ఎవరిదని అడిగేవాళ్లు. మీ పేరూ కచేరీ తేదీ చెప్పాకే ఆయన ఫిర్యాదు రాసుకునేవాడు."

గాయని పుస్తకం మూసేసింది. "ఆయన మఫ్లర్ వేసుకుంటారా?"

"ఎండాకాలంలో కూడా! కనిపించాడా? మీకు మాత్రం చెప్పొద్దని మా అందరి దగ్గరా ఒట్టు వేయించుకున్నాడు."

గాయని తలుపు తోసుకుని బయటికి పరిగెత్తింది. వీధిలో ఇళ్లకు మళ్లిన జనమే గాని ఆయన లేడు. మెట్ల మీద నిలబడి రొప్పుతూ సిగ్గుతో తల వంచుకుంది. తప్పు చేసిందే గాని, దిద్దుకోగలనన్న ధీమా ఇంకా ఉంది.

వెనకే వచ్చిన అమ్మాయితో, "రేపు పొద్దున్నే మీ ఆఫీసుకొస్తాను," అంది. "ఆయన సీటు పక్కనే నిలబడి, ఆయన ఒక్కడి కోసం పాడతాను."

ఆ అమ్మాయి తటపటాయించి, మెల్లగా చెప్పింది.

"ఆ సీట్లో ఇప్పుడు ఆయన లేడండీ, మీ పాట పూర్తయ్యేదాకా ఎవరి లైనూ కలపడం లేదని మొన్ననే పనిలోంచి తీసేశారు."