బాతు సీను

"ఛీ!" అంటూ ఎడిటర్ తెర మీద బొమ్మ ఆపేశాడు.

గూఢచారిని మూడు కార్లు తరుముతున్నాయి. తూటాలకు అద్దాలు పగులుతున్నాయి. అంతలో మన వీరుడు కారాపి, దిగి, మబ్బైనా లేని ఆకాశం కింద పసుపు గొడుగు విప్పి, గట్టు మీద బాతుకు జోలపాట పాడతాడు. బాతు నిద్రపోయాకే మళ్ళీ కారెక్కుతాడు. అంతసేపూ తరిమేవాళ్ళు ఏం చేస్తున్నారని మాత్రం అడక్కూడదు.

ఎడిటర్‌కి ఒళ్ళంతా కంపరమెత్తింది. "ఇంతమంది చెమటోడ్చి తీసిన సినిమాలో ఈ పెంటేమిటండీ?"

"నన్నడుగుతావేం? వెళ్ళి మీ మామగారినడుగు. రాసిందీ ఆయనే, దగ్గరుండి తీయించిందీ ఆయనే," అన్నాడు దర్శకుడు ముఖం చిట్లించి.

నిజమే. నిర్మాత స్వయానా ఎడిటర్‌కి పిల్లనిచ్చిన మామ. ఈ గూఢచారి సినిమాలు ఇప్పటికి పది తీశాడు. ప్రతిదాంట్లోనూ ఆఖరి నిమిషంలో ఆయన చేత్తో ఒక వెర్రి సీను పడాల్సిందే. ఒకసారి తలకి తుపాకీ గురిపెడితే గూఢచారి స్వెట్టర్ అల్లుతూ కూర్చున్నాడు. ఇంకోసారి జలాంతర్గామిలో గాలిపటం ఎగరేశాడు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. పదోది బోర్లా పడింది. ఇదీ పోతే స్టూడియోకి తాళమే.

పైగా ఇంకో చాదస్తం. మనతో ఉప్పూనిప్పుగా ఉండే పక్క దేశంలో కూడా సినిమా అదే రోజు విడుదల కావాలి. మన గూఢచారిని చూసి పగలబడి నవ్వుకోవచ్చని వాళ్ళూ సరదాగా ఆడించుకుంటారు. పోస్టర్ల ఖర్చు కూడా రాదు. అయినా సరే, మామ వినడు.

ఎడిటర్ ఆసుపత్రికి పరిగెత్తాడు. మామ కళ్ళకి ఆపరేషనై, కట్లతో మంచం మీదున్నాడు.

"మామయ్యగారూ, ఆ బాతుని తీసేద్దామండీ. చూస్తుంటే డోకొస్తోంది."

"బాతు జోలికి పోకు."

"ఎందుకుండాలో ఒక్క కారణం చెప్పండి."

"నాకిష్టం. చాలా?"

పక్కన పండు కోస్తున్న ఎడిటర్ భార్య నవ్వింది. "నాన్న పంతం మీకు కొత్తా? వదిలెయ్యండి."

ఎలా వదిలేస్తాడు? ఏళ్ళ తరబడి ఆ చెత్తకి తన పేరు తగిలించుకుని తిరుగుతున్నాడు. బజారుకెళితే కూరలమ్మే ఆవిడ కూడా "స్వెట్టర్ పూర్తయిందా బాబూ?" అని ఆటపట్టించేది. థూ, ఇదీ ఒక బతుకేనా! తన సంగతలా ఉంచినా, స్టూడియో మూతపడితే మామ బతికి బట్టకట్టడు. ముసలాయన్ని ముసలాయన చాదస్తం నుంచే కాపాడాలి.

తిరిగొచ్చి, కసిగా ఆ సీను మొత్తం కోసి పారేశాడు.

"నీ కడుపు చల్లగుండ!" అన్నాడు దర్శకుడు.

సినిమా అదిరిపోయింది. తిట్టిన పత్రికలే ఇన్నాళ్ళకి ఈ గూఢచారికి బుద్ధొచ్చిందని మెచ్చుకున్నాయి. ఊళ్ళో ఏ హాల్లోనూ టికెట్ దొరకడం లేదు.

వారం తిరక్కముందే భార్య వాళ్ళ నాన్నని చెయ్యి పట్టుకుని ఎడిటింగ్ గదికి తీసుకొచ్చింది. కట్లు విప్పేశారు. నల్లద్దాల కింద ముఖం పాలిపోయి ఉంది.

"చూశారా మామయ్యగారూ! హాళ్ళు కిటకిటలాడుతున్నాయి!"

"బాతేదయ్యా?"

"తీసేశానండీ. తిట్టండి, కొట్టండి, పడతాను. మీ పరువు మాత్రం నిలబెట్టాను."

మామ తిట్టలేదు. కుర్చీ తడుముకుని కూలబడ్డాడు.

"నాన్నా, ఏమైంది?" అంది కూతురు కంగారుగా.

ఆయన అల్లుడి వంకే చూస్తూ అన్నాడు, "సినిమాలో బాతు కనబడితే ఆ క్షణమే దేశం దాటెయ్యమని పక్క దేశంలో ఉన్న మన అసలు గూఢచారికి చెప్పి పెట్టాం అల్లుడూ, వాడు ఆఖరి దాకా చూసి, బాతు లేదు కదా అని నిశ్చింతగా ఇంటికెళ్తే గుమ్మంలోనే పట్టుకున్నారు."